నూట అరవై మూడు పౌన్ల ఇసుక

పెద్ద వరద వచ్చి వెళ్ళిన రెండో ఏడు, వేసవిలో జరిగింది ఇది. ప్లమ్‌గ్రోవ్ ఊళ్ళో ఏ సంగతి ఎప్పుడు జరిగిందని అడిగినా, వరదకు ఇన్నేళ్ళ ముందు, ఇన్నేళ్ళ తర్వాత అనే చెబుతారు. ధాన్యం సొసైటీ గోడ మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో నల్లరంగుతో గీత గీసి ఉంది. ఆ గీత సరిగ్గా గీసినవాడు వెండెల్ హ్రుస్కా. చూపుడువేలంత పైకో కిందికో పోతే చెరిపి మళ్ళీ గీసే రకం.

వెండెల్ ఆ సొసైటీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు త్రాసు దగ్గర పనిచేశాడు. మొక్కజొన్న, సోయా లారీలు వచ్చి పెద్ద కాటా మీద నిలబడితే ముల్లు చూసి చెప్పడం అతని పని. ఆ పనిలో అతను వాడిన మాట ఒకటే. "దిగు" అనేవాడు. లారీలో మనిషి కూర్చుని ఉంటే ఆ మనిషి బరువు కూడా మొక్కజొన్న కింద పోతుంది గదా. ఎంతటివాడైనా దిగాల్సిందే. ఫాదర్ వాత్సెక్ ఒకసారి చర్చి పొలం పంట తోలుకొస్తే ఆయన్నీ దింపాడు. ముల్లు నిలబడ్డాక అంకె రెండుసార్లు పైకి చదివేవాడు, తెచ్చినవాడి చెవినీ తన చెవినీ ఒకేలా పడాలని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతని తూకం మీద తగాదా రాలేదు.

అలాంటివాడు ఇంటి పక్క కారు షెడ్డులో విమానం కట్టడం మొదలుపెట్టాడు. వరదకు తొమ్మిదేళ్ళ ముందు సంగతి అది. విమానం డబ్బాల్లో వచ్చింది. అల్యూమినియం రేకులు, వాటిని కలిపి బిగించే రివిట్లు, దుప్పటంత నక్షాలు. సాయంత్రాలు, ఆదివారం చర్చి అయ్యాక, చలికాలమంతా అదే పని. ఇంట్లో విమానం కడతారా అని ఆ చుట్టుపక్కల ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకడు పడవ కడతాడు, ఒకడు పాత ట్రాక్టరు విప్పి బిగిస్తాడు, పై ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒకాయన ఇలాంటి విమానమే నేలమాళిగలో కట్టి, బయటికి తియ్యడానికి ఇంటి గోడ పగలగొట్టుకున్నాడు. ఊరివాళ్ళు అడిగింది ఒక్కటే. విమానంలో సీట్లు రెండు. వెండెల్ ఒకదాంట్లో కూర్చుంటాడు. రెండోది ఎవరికి?

వెండెల్ ఎవరికీ చెప్పలేదు. అడిగితే చేతిలో పని చూసుకునేవాడు.

రివిట్ కొట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు బయటినుంచి రివిట్ గన్నుతో కొడుతుంటే ఇంకొకరు లోపలినుంచి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆ దిమ్మ పట్టింది వెండెల్ భార్య ఆర్లిస్. ఆమె చెయ్యి సన్నం, తోక భాగంలోకి మోచేయి దాకా పోయేది. చెవులకు మూతలు పెట్టుకుంటారు కాబట్టి మాట వినపడదు. అందుకని రేకు మీద తట్టుకునేవాళ్ళు. రివిట్ సరిగా కూర్చుంటే లోపలినుంచి ఒకసారి తడుతుంది. వంకర పోతే రెండుసార్లు. రెండుసార్లు తడితే ఆ రివిట్ తొలిచి తీసి మళ్ళీ కొట్టాలి. అలా పదమూడువేల చిల్లర రివిట్లు కొట్టారు. వెండెల్ లెక్కలో వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నట్టే.

వరద వచ్చినప్పుడు షెడ్డులో నడుమెత్తు నీళ్ళు. రెక్కలను మోకులతో దూలాలకు వేలాడదీశాడు. విమానం మొండేన్ని గడ్డి బండి మీద తోలుకెళ్ళి గుట్ట మీద ఉన్న చర్చి హాల్లో పెట్టాడు. ఆరు వారాలు ఊరి బింగో ఆట దాని పక్కనే జరిగింది. ఏటి గట్టు కాపాడటానికి ఊరంతా కలిసి నింపిన ఇసుక బస్తాలు మిగిలిపోతే వెండెల్ షెడ్డు వెనక పేర్చాడు. మూడొందల పైచిలుకు ఉంటాయి. అవి తీసి పారెయ్యమని ఆర్లిస్ రెండేళ్ళుగా చెబుతోంది. తీస్తానని అతను రెండేళ్ళుగా తల ఊపుతున్నాడు.

ఇక రెండో సీటు సంగతి. అది తనదేనని డ్వేన్ టీడ్‌మన్ నమ్మకం. డ్వేన్ వాళ్ళ ఎదురింటివాడు, పాల లారీ నడిపి రిటైరైనవాడు. నోరు మూత పడదు. పదకొండేళ్ళుగా షెడ్డులో తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చుని అన్నీ చూశాడు, ఒక్క రివిట్ కూడా ముట్టుకోలేదు. చెవులు మూసుకునే తోలు టోపీ ఒకటి ముందుగానే కొని పెట్టుకున్నాడు. ఆ సీటు డ్వేన్‌దేనని ఆర్లిస్ కూడా అనుకుంది. ఇద్దరు మగవాళ్ళు కలిసి గాలి తిరుగుళ్ళు తిరగడానికేగా ఇదంతా అని మనసులో ఉంది ఆమెకు. ఆ సంగతి అడగలేదు. అడిగితే అలిగినట్టుంటుంది.

వెండెల్‌కు మాత్రం ఆ సీటు మొదటినుంచీ ఆర్లిస్‌ది. ఒక సీటు విమానం చవక. రెండు సీట్లది తెప్పించాడు. అంతకంటే చెప్పడానికి ఏముంది అనుకున్నాడు. నలభై మైళ్ళ దూరంలో వేవర్టన్ గడ్డి మైదానంలో ఏటా ఆగస్టులో ఒక ఆదివారం చుట్టుపక్కల ఇంట్లో కట్టుకున్న విమానాల వాళ్ళందరూ దిగి పాన్‌కేకులు తిని వెళతారు. అక్కడ విమానం అద్దాల మూత తీసి ఆర్లిస్‌ను చెయ్యి పట్టి దింపాలని అతని కోరిక. పదకొండేళ్ళూ ఆ ఒక్క కోరిక కోసమే రేకులు కోశాడు.

విమానం పూర్తయ్యాక తూచాలి. మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి తూస్తారు. కార్ల పందేల వాళ్ళ దగ్గర అవి ఉంటాయి, అడిగి తెచ్చాడు. జూన్ నెల చివర్లో ఒక మధ్యాహ్నం విమానం త్రాసుల మీద నిలబడి ఉంది. వెండెల్ ఖాళీ బరువు మూడుసార్లు చూసి రాసుకున్నాడు. ఇక మనుషుల బరువు రాయాలి. తన బరువు నూట ఎనభై అయిదు. అది అతనికి తన పేరులాగే తెలుసు, సైన్యం నుంచి వచ్చిన ఏడు తూచారు, డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే ఉంది. ఆర్లిస్ లైసెన్సు మీద నూట ఇరవై ఎనిమిది అని ఉంది. ఆ అంకె పెళ్ళికి ముందుది. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాటా దగ్గర నిలబడ్డవాడు అలాంటి అంకె నమ్మడు. అడుగుదామనుకున్నాడు. భార్యను బరువు అడగడం ఎలాగో సొసైటీలో ఎవరూ నేర్పలేదు.

అప్పుడే ఆర్లిస్ కొత్తగా కుట్టిన సీటు దిండ్లు తీసుకుని షెడ్డులోకి వచ్చింది. కుడివైపు దిండు సరిపోయిందో లేదో చూడాలంటూ రెక్క మీదినుంచి ఎక్కి అందులో కూర్చుంది. చేతిలో కుట్టు సామాను డబ్బా కూడా ఉంది.

"కదలకు," అన్నాడు వెండెల్.

దిండు కొలత చూస్తున్నాడనుకుని ఆమె కదలకుండా కూర్చుంది. అతను మూడు త్రాసులూ వంగి చూసి, కూడి, తీసేసి, షెడ్డు స్తంభం మీద వడ్రంగి పెన్సిలుతో రాశాడు. ఆర్లిస్, 163. తర్వాత ఎప్పటిలాగే "దిగు" అన్నాడు. బకెట్టు మీద డ్వేన్ కూర్చుని ఉన్న సంగతి అతనికి పట్టలేదు. బకెట్టు ఎంత పాతదో డ్వేన్ కూడా అంత పాతవాడు ఆ షెడ్డుకు.

విమానం ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే ఇద్దరు మనుషులకు కలిపి మూడువందల యాభై పౌన్లు మిగులుతాయి. నూట ఎనభై అయిదూ, నూట అరవై మూడూ కలిపితే మూడువందల నలభై ఎనిమిది. ఇంకా రెండు పౌన్లు మిగులు. ఆ రాత్రి వెండెల్‌కు హాయిగా నిద్రపట్టింది.

విమానాల ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు, సంతకం పెట్టాడు. కట్టినవాడు మొదట నలభై గంటలు ఒక్కడే నడిపి చూడాలని నియమం. పక్కన ఎవరూ కూర్చోకూడదు. కానీ పక్కన మనిషి ఉంటే ఎలా ఎగురుతుందో తెలియాలి కాబట్టి, ఆ మనిషికి బదులు అంత బరువు పెట్టుకుని ఎగురుతారు. షెడ్డు వెనక బస్తాల గుట్ట ఉండనే ఉంది. వెండెల్ నాలుగు బస్తాలు ఎంచాడు. ఎండలో ఆరబోసి, ఇసుక తీస్తూ పోస్తూ మూడింటిని నలభై ఒక్కటి చొప్పున, నాలుగోదాన్ని నలభైకి తెచ్చాడు. మిగతా మూడొందల బస్తాల్లో కలిసిపోతాయేమోనని నాలుగింటి మీదా నల్లరంగుతో రాశాడు. ఆర్లిస్ 41. ఆర్లిస్ 41. ఆర్లిస్ 41. ఆర్లిస్ 40.

ఊరవతల సోయా చేల మధ్య గడ్డి రన్‌వే ఉంది. ఇరవయ్యో గంటనుంచి బస్తాలతో ఎగరడం. ఆ రోజు కంచె దగ్గర పదిహేనుమంది దాకా చేరారు. వెండెల్ నాలుగు బస్తాలూ ఒక్కొక్కటే మోసుకెళ్ళి కుడి సీట్లో పేర్చి, బెల్టు పెట్టి, పైనుంచి తట్టి చూశాడు. డ్వేన్ తోలు టోపీ చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చి బస్తాల మీద రాత చదివాడు.

"ఏరా, ఈ సీటు నాదనుకున్నానే."

"కాదు."

"పదకొండేళ్ళు బకెట్టు మీద కూర్చున్నాను."

డ్వేన్ మాటలో వెండెల్‌కు తప్పేమీ కనిపించలేదు. "బకెట్టు నీదే," అని ఎక్కి వెళ్ళిపోయాడు.

విమానం బాగానే ఎగిరింది. కానీ కాగితాల ప్రకారం నిమిషానికి పద్నాలుగువందల అడుగులు ఎక్కాలి. పదమూడువందల నలభై ఎక్కింది. ఇంకొకడైతే ఆ అరవై అడుగులూ వదిలేసి ఇంటికి పోయి అన్నం తినేవాడు. వెండెల్‌కు ముద్ద గొంతు దిగలేదు. ఎగిరిన వివరాలు రాసే లాగ్ పుస్తకం ఆర్లిస్ దగ్గర ఉంటుంది, ఆమె రాత బాగుంటుందని. ఆ రోజునుంచి మాత్రం తనే తీసి రాశాడు. "ఎక్కడం బద్ధకంగా ఉంది. కారణం తెలియదు." తర్వాత రెండు వారాలూ ఆ కారణం కోసం వెతికాడు. ప్లగ్గులు మార్చాడు. ఇంజనుకు గాలి వెళ్ళే దారి శుభ్రం చేశాడు. విమానం ముందున్న పంకా రెక్కల కోణం కొలిచాడు. టైరు మీద బురద చెంచాతో గీకాడు. ఎగిరిన ప్రతిసారీ అవే అరవై అడుగులు తక్కువ. ప్రతిసారీ అదే వాక్యం రాశాడు. "బద్ధకంగా ఉంది. కారణం తెలియదు."

ఈలోగా డ్వేన్ మనసు కష్టపెట్టుకుని కాఫీ హోటల్‌కు వెళ్ళాడు. మూడు నలభై ఒక్కట్లు, ఒక నలభై. కాగితం నాప్‌కిన్ మీద కూడాడు. షెడ్డు స్తంభం మీద రాత కూడా అతనికి గుర్తుంది. చెడ్డ ఉద్దేశమేమీ లేదు పాపం, తన బాధ చెప్పుకుంటూ మధ్యలో లెక్క కూడా చెప్పాడు. సాయంత్రానికల్లా ప్లమ్‌గ్రోవ్‌లో ఆర్లిస్ బరువు తెలియని మనిషి ఒక్కరే మిగిలారు. ఆ మనిషి ఆర్లిస్.

ఆగస్టులో ఒక శుక్రవారం చర్చి కింద వంటగదిలో ఆడవాళ్ళు ఆదివారం కోసం బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నారు. బెర్నడీన్ స్టాస్నీ కత్తి పక్కన పెట్టి ఆర్లిస్‌ను పైనుంచి కిందికి చూసి, "ఏమే, నూట అరవై మూడంటే ఎవరూ నమ్మరు, నీ మీద కనపడదు సుమా," అంది. మెచ్చుకోలుగానే అంది. మిగతావాళ్ళు తలలు వంచి దుంపలు మరీ గబగబా చెక్కారు. ఆర్లిస్ చేతిలో ఉన్న దుంప పూర్తి చేసింది. ఇంకో దుంప తీసుకోలేదు. కారెక్కి తిన్నగా రన్‌వే దగ్గరికి వెళ్ళింది.

అక్కడ విమానం కుడి సీట్లో నాలుగు బస్తాలు బెల్టు పెట్టుకుని కూర్చున్నాయి, నాలుగింటి మీదా ఆమె పేరుతో.

ఆ ఉదయమే నలభై గంటలూ పూర్తయ్యాయి. సాయంత్రం వెండెల్ సంతోషంగా ఇంటికొచ్చాడు. ఇక ఎల్లుండి ఆదివారం, వేవర్టన్, పాన్‌కేకులు. ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఇవాళ చెప్పాలి కాబోలు అనుకుంటూ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆర్లిస్ సూపు గిన్నె ముందు పెట్టింది. కూర్చోలేదు. వానకు ముందు ఎద్దులకు తెలిసినట్టు, ఏదో రాబోతోందని అతనికి తెలిసింది.

"నా బరువు ఊరందరికీ తెలుసట," అంది. "నాకే తెలియదు. నూట యాభై అనుకుంటున్నాను."

వెండెల్ చెంచా కింద పెట్టాడు. "త్రాసులు సరైనవే," అన్నాడు.

అది అనకూడని మాట అని అన్నాక తెలిసింది.

"ఎప్పుడు తూచావు నన్ను?"

"దిండు చూసుకున్న రోజు."

"అప్పుడు నా చేతిలో కుట్టు డబ్బా ఉంది. అది కూడా నా ఒంట్లో కలిపావా?"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో వెండెల్‌కు ఇది మొదటి తప్పు. డబ్బా సంగతి చూడలేదు. ఆమె ఆ తప్పు మీద ఆగలేదు.

"ఆ బస్తాల మీద నా పేరెందుకు?"

"వేరేవాటితో కలిసిపోకుండా."

"డ్వేన్ పేరు రాసుకోవలసింది."

"డ్వేన్ ఎందుకు?"

"ఆ సీటు డ్వేన్‌ది కదా."

"కాదు. నీది."

ఆర్లిస్ అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"నాకెప్పుడు చెప్పావు?"

వెండెల్ వెతికాడు. ఏడాది ఏడాదీ వెనక్కి వెళ్ళి చూశాడు. రెక్కలు కట్టిన చలికాలం, తోక కట్టిన చలికాలం, వరద. ఎక్కడా దొరకలేదు. "రెండు సీట్లది తెప్పించాను కదా," అన్నాడు చివరికి.

"పదకొండేళ్ళు రేకు వెనక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను," అంది ఆర్లిస్. "ఒకసారి తడితే సరి, రెండుసార్లు తడితే తప్పు. అంతేగా మన మాటలు. సీటు నీది అని చెప్పడానికి ఎన్నిసార్లు తట్టాలో నాకు తెలియలేదు, వెండెల్."

ఆదివారం సంగతి వెండెల్ నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఇప్పుడు అడిగితే రాదు. అడక్కపోయినా రాదు. పదకొండేళ్ళ పని నాలుగు బస్తాల ఇసుక కింద పడి నలిగిపోయిందనిపించింది అతనికి.

ఆర్లిస్ అలమర మీదినుంచి లాగ్ పుస్తకం తీసింది. ఇసుక బస్తాలతో ఎగిరిన రోజులన్నీ వరసగా చదివింది. బద్ధకంగా ఉంది, కారణం తెలియదు. బద్ధకంగా ఉంది, కారణం తెలియదు. తొమ్మిదిసార్లు. ఆ పైన బరువుల లెక్క ఉన్న పేజీ దగ్గర వేలు ఆగింది.

"పైలట్ నూట ఎనభై అయిదు. ఎవరీయన?"

"నేనే."

ఆమె తలెత్తి భర్తను చూసింది. కుర్చీకి అటూ ఇటూ అతను ఎంత మిగిలి ఉన్నాడో చూసింది. "ఈయన్ని ఎప్పుడు తూచావు?"

వెండెల్ జేబులోంచి లైసెన్సు తీయబోయాడు.

"నా లైసెన్సులో నూట ఇరవై ఎనిమిది ఉంది. నమ్మావా?"

"లేదు."

"మరి నీది?"

చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"రేపు పొద్దున సొసైటీకి వెళదాం," అంది ఆర్లిస్. సూపు గిన్నె తీసేసింది. అతను ఇంకా తినలేదు.

శనివారం పొద్దున సొసైటీ దగ్గర మనుషులు ఎక్కువ. విత్తనాల బస్తాలు తూచే త్రాసు గుమ్మం పక్కనే, వరద గీత కింద ఉంటుంది. వెండెల్ స్థానంలో ఇప్పుడు కర్టిస్ అనే నలభై ఏళ్ళ మనిషి ఉన్నాడు, ఆ పని వెండెల్ దగ్గరే నేర్చుకున్నాడు. ఆర్లిస్ లాగ్ పుస్తకం చంకలో పెట్టుకుని ముందు, వెండెల్ వెనక రావడం చూసి మాటలు ఆగాయి. డ్వేన్ కాఫీ గ్లాసుతో గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఎక్కు," అంది ఆర్లిస్.

వెండెల్ జేబులోంచి పటకారు తీసి పక్కన పెట్టబోయాడు.

"ఏమీ తియ్యొద్దు. నా కుట్టు డబ్బా తీయించావా?"

ఎక్కాడు. బూట్లతో, పటకారుతో, మడత కత్తితో. ముప్ఫై ఒక్క ఏళ్ళు అవతలివైపు నిలబడి చూసిన ముల్లు ఇవతలివైపునుంచి వేరేగా కనిపించింది. అది నూట ఎనభై అయిదు దాటింది. రెండువందలు దాటింది. ఇంకా పోయింది. వెండెల్ ఊపిరి బిగపట్టాడు, అది బరువు తగ్గిస్తుందేమోనన్నట్టు. తూకం వేసేటప్పుడు ఊపిరి బిగపట్టే రైతులను అతను ఎంతమందిని చూశాడో.

కర్టిస్‌కు ఏం చెయ్యాలో తెలియలేదు. తనకు పని నేర్పినవాడాయె. కానీ నేర్పిన పద్ధతి ఉంది. ముల్లు నిలబడ్డాక రెండుసార్లు చదవాలి.

"రెండువందల పద్నాలుగు," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "రెండువందల పద్నాలుగు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి డ్వేన్ కాఫీ గ్లాసులో ముక్కు పెట్టాడు. ఆర్లిస్ గోడకు పుస్తకం ఆనించి, చివరి వాక్యం కింద, తన మంచి దస్తూరీతో రాసింది. రాసినది రెండుసార్లు పైకి చదివింది, అక్కడి పద్ధతి ప్రకారం. "కారణం తెలిసింది. ఇరవై తొమ్మిది పౌన్లు, పైలట్. కారణం తెలిసింది. ఇరవై తొమ్మిది పౌన్లు, పైలట్."

అప్పుడు నవ్వారు. గుమ్మం అవతల లారీల్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే. వెండెల్ త్రాసు మీదే నిలబడి ఉన్నాడు. దిగు అని ఎవరూ అనలేదు గదా. నూట ఎనభై అయిదు కానివాడికి ఇంకా ఏమేమి తప్పుగా తెలుసో అనిపించింది అతనికి. తను చెప్పాననుకున్నవి, ఆమెకు తెలుసనుకున్నవి. అందరూ వింటున్నారు. ఎలాగూ పరువు పోయింది, ఇక దాచుకోవడానికి ఏమీ లేదు. నోరు తెరిచాడు.

"రేపు వేవర్టన్‌లో పాన్‌కేకులు," అన్నాడు. "విమానంలో వెళతాను. నాతో రా ఆర్లిస్. నీకోసమే కట్టాను. చెప్పలేదు. చెప్పాలని తెలియలేదు."

అతని నోట అన్ని మాటలు ఒకేసారి సొసైటీలో ఎవరూ వినలేదు. ఎందుకైనా మంచిదని అతను ఆ మొత్తం రెండోసారి కూడా చెప్పాడు.

నవ్వు ఆగింది. ఆర్లిస్ పుస్తకం మూసింది. ఆమె మెడ మీద ఎరుపు పాకింది.

"చూద్దాం," అంది. "ముందు దిగు."

చూద్దాం అంటే ఆ ఊళ్ళో వస్తాననీ కావచ్చు, రాననీ కావచ్చు. ఎక్కువగా రాననే. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో పిండి కలిపి, చిన్న చిన్న గుండ్రాలు చేసి, మధ్యలో ఎండు ప్లమ్ పండ్ల గుజ్జు పెట్టి కొలాచీలు కాల్చింది. మూడు డజన్లు రేకు డబ్బాలో సర్దింది. ఎవరికోసమో చెప్పలేదు. చర్చికి కావచ్చు, బెర్నడీన్‌కు కావచ్చు. వెండెల్ ఒకటి తీసుకోబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది. అతను షెడ్డులోకి వెళ్ళి స్తంభం మీద నూట అరవై మూడు కొట్టేసి, కుట్టు డబ్బా తెచ్చి తూచి, నూట అరవై ఒకటి అని రాశాడు. దాని కింద తన పేరు, రెండువందల పద్నాలుగు. అప్పుడు లెక్క వేస్తే మూడువందల యాభైకి ఇరవై అయిదు పౌన్లు ఎక్కువ.

మర్నాడు పొద్దున తెల్లారగానే వెండెల్ రన్‌వేకు వెళ్ళాడు. నాలుగు బస్తాలూ ఒక్కొక్కటే దింపి కంచె పక్కన నిలబెట్టాడు. ట్యాంకులోంచి నాలుగున్నర గ్యాలన్ల పెట్రోలు తోడాడు. గ్యాలనుకు ఆరు పౌన్లు, ఇరవై ఏడు తగ్గింది. రెండు పౌన్లు మిగులు. ఏడు గంటలకు కారు వచ్చింది. డ్వేన్ నడుపుతున్నాడు. పక్కన ఆర్లిస్, తల మీద డ్వేన్ తోలు టోపీ, ఒళ్ళో కొలాచీల డబ్బా.

వెండెల్ డబ్బా అందుకుని, ఇంటినుంచి తెచ్చిన చేతి త్రాసుకు తగిలించి చూశాడు. అయిదున్నర. మూడున్నర ఎక్కువ. ఆర్లిస్ ఆ ముల్లూ చూసింది, అతన్నీ చూసింది. డబ్బా దించమంటాడేమోనని చూసినట్టుంది.

వెండెల్ గడ్డిలో కూర్చుని బూట్లు విప్పాడు. రెండూ త్రాసుకు తగిలించాడు. మూడూ ముప్పావు. పటకారు, మడత కత్తి కూడా తీసి బూట్లలో వేసి డ్వేన్ చేతికిచ్చాడు. డ్వేన్ వాటిని తీసుకుని ఎందుకో ఛాతీకి హత్తుకున్నాడు.

ఆర్లిస్ రెక్క ఎక్కి కుడి సీట్లో కూర్చుంది. దిండు సర్దుకుంది. వెండెల్ మేజోళ్ళతో తడిగడ్డిలో నిలబడి, ఆమె పక్కన రేకు మీద ఒకసారి తట్టాడు.

లోపలినుంచి రెండుసార్లు తట్టింది.

ఏది వంకర పోయిందోనని అతను వంగి చూశాడు. బెల్టు కొస బయటికి వేలాడుతోంది. దాన్ని ఎత్తి లోపల పెట్టి, మళ్ళీ ఒకసారి తట్టాడు.

ఈసారి ఆర్లిస్ ఒకసారే తట్టింది.